నామం పెట్టిన చెయ్యి

చంద్రగిరిలో ఎవరికైనా డబ్బు మునిగిపోతే ఆ సంగతి చెప్పుకోవడానికి మాకు కొండ మీది మాటలే కావాలి. చీటీల ఆసామి రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే 'నామం పెట్టినాడు' అంటాం. మొత్తం పెద్దదైతే అది పంగనామం. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు తీసుకున్నవాడు ముఖం చాటేస్తే 'శఠగోపం పెట్టినాడు'. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మినట్టు తేలితే 'గుండు గీసినాడు'. ఇచ్చిన సొమ్ము ఇక తిరిగి రాదని ఖాయమైతే 'గోవిందా'. ఆస్పత్రి బిల్లు చేతికొచ్చినప్పుడు 'నిలువుదోపిడీ'.

ఈ మాటలన్నిటికీ మేమెరిగిన ఊరు తిరుమల. నుదుట తీర్చే తిరునామం, తల మీద పెట్టే శఠారి, కళ్యాణకట్టలో ఇచ్చే తలనీలాలు, మెట్టు మెట్టుకూ తలచుకునే గోవింద నామం, ఒంటి మీది నగలన్నీ ఒలిచి హుండీలో వేసే నిలువుదోపిడీ మొక్కు. శ్రీనివాస మంగాపురం దాటి శ్రీవారి మెట్టు ఎక్కితే కొండ మాకు నడిచిపోయే దూరం. పొద్దున అక్కడ కళ్ళకద్దుకున్నదాన్నే సాయంత్రం ఊళ్ళో మోసానికి పేరుగా వాడుకుంటాం. ఎవరికీ అపచారమనిపించదు.

ఇది మా ఒక్కరి గడుసుతనం కాదు. ఇక్కణ్ణుంచి దక్షిణానికి పోతే తమిళం, పడమటికి పోతే కన్నడం. తమిళులూ మోసానికి 'పట్టై నామం' పెడతారు, 'మొట్టై' కొడతారు, చెవికి పువ్వు చుడతారు. కన్నడిగులకూ పంగనామం ఉంది, చెవి మీద పువ్వు ఉంది. కొండకు తరతరాలుగా నడిచొచ్చిన ఈ మూడు భాషలవాళ్ళూ దేవుడి దగ్గర నేర్చిన మాటల్నే బజారులో వాడుకున్నారు. దేవుడి మీద చనువు కొద్దీ అన్నారనుకుంటే సరిపోతుంది. నాకు మాత్రం ఆ మాటల్లో ఇంకేదో ఉందనిపిస్తుంది.

టోపీ, నామం, శఠగోపం, గుండు, చెవిలో పువ్వు. అన్నీ మెడకు పైన జరిగే పనులే. అందులోనూ, మనం ఒప్పుకుంటే తప్ప జరగని పనులు. తల వంచనిదే శఠారి పెట్టించుకోలేం. కదలకుండా కూర్చోనిదే గుండు గీయించుకోలేం. దొంగకు మన నిద్ర చాలు, దారి కొట్టేవాడికి మన భయం చాలు. మోసగాడికి మాత్రం మనం తల వంచి సహకరించాలి. అందుకే శత్రువు చేతిలో మనం ఓడిపోతామే గాని మోసపోవడం అరుదు. వాడి దగ్గర తల వంచం కదా. మోసం ఎప్పుడూ అన్నా అని పిలిచినవాడి నుంచి, మన ఇంట్లో కాఫీ తాగినవాడి నుంచి వస్తుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మా పెద్దలు అనేవాళ్ళు. ఆ సామెతలో మొదటి మాటే నమ్మి.

1849లో న్యూయార్కులో విలియం థాంప్సన్ అనేవాడు వీధిలో ముక్కూమొహం తెలియని పెద్దమనుషులతో మర్యాదగా మాట కలిపి, నా మీద నమ్మకముంటే మీ గడియారం రేపటిదాకా నా దగ్గర ఉంచుతారా అని అడిగేవాడట. ఇచ్చినవాళ్ళున్నారు. అతన్ని పట్టుకున్నప్పుడు పత్రికలు 'కాన్ఫిడెన్స్ మ్యాన్' అని రాశాయి. ఇంగ్లీషులో మాయగాడికి ఆ పేరే నిలిచింది. నమ్మకమనే మాట అక్కడ మోసం చేసినవాడి పేరులో చేరింది. మన దగ్గర నమ్మిన గుర్తు నమ్మినవాడి తలకే అంటుకుంది. సంస్కృతంలో శఠుడంటే వంచకుడు, శఠారి అంటే శఠుడికి శత్రువు. వంచనకు పగవాడని పేరున్న పాత్రను తెచ్చి మనం వంచనకే మారుపేరు చేసుకున్నాం. అది కూడా వంచకుడి నెత్తిన కాకుండా వంచితుడి నెత్తిన పెట్టాం.

నా పేచీ ఇక్కడే. మన వాడుకలో మోసగాడి చెయ్యి కనిపించదు.

'మోసపోయినాడు' అనే మాట వినండి. జారిపోయినాడు, తప్పిపోయినాడు, ఓడిపోయినాడు, చెడిపోయినాడు అనే వరసలో అది కూర్చుంటుంది. కాలు జారినట్టు, దారి తప్పినట్టు, అదేదో ఆ మనిషి తనంతట తాను చేసుకున్న పనిలా ఉంటుంది. వాక్యం పూర్తవుతుంది, మోసం చేసినవాడి ఊసే అందులో ఉండదు. మా వైపు అంతకన్నా ఎక్కువ వినిపించేది 'ఏమారిపోయినాడు'. ఏమరుపాటుకు తోబుట్టువు ఈ మాట. పక్కింటి తమిళంలో ఏమాట్రమంటే మోసమే. చూపు రవంత పక్కకు పోయింది, అంతే. ఆ రవంతసేపటి కోసం రెండేళ్ళు కాపు కాసినవాడు మాటలో లేడు. 'మోసగించినాడు' అనే మాట మనకు లేక కాదు. అది పోలీసు కాగితాల్లో ఉంది, పత్రికల్లో ఉంది, టీ అంగడి దగ్గర లేదు.

'నామం పెట్టినాడు'లో పెట్టినవాడు ఉన్నాడు కదా అనొచ్చు. ఉన్నాడు, నేరస్తుడిగా లేడు. నామం వంకర లేకుండా తీర్చాలంటే చేతికి నేర్పుండాలి, ఆ నేర్పరిగానే ఉన్నాడు. వినేవాళ్ళు ముందు నవ్వుతారు, ఆ తర్వాత 'అబ్బా, ఎంత పని చేసినాడ్రా' అంటారు. ఆ 'అబ్బా'లో సగం మెచ్చుకోలు. మన భాష మోసగాడికి ఇచ్చిన బిరుదులు చూస్తే ఈ పక్షపాతం ఇంకా బయటపడుతుంది. గడుసోడు, గట్టోడు, అన్నిటికీ మించి బతకనేర్చినోడు. అంటే మిగతా అందరం ఇంకా బతకడం నేర్చుకోలేదన్నమాట. అటువైపు మోసపోయినవాడికి దక్కేవి ఎర్రిబాగులోడు, నోట్లో నాలుక లేనోడు, చివరికి 'పాపం, మంచోడు'. మంచోడు అనే మాట జాలిగా పలకాల్సిన స్థితికి వచ్చిందంటే ఆ తప్పు మంచితనానిది కాదు.

గురజాడ కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడినప్పటి నుంచి గిరీశం తెలుగువాళ్ళకు ముద్దొచ్చే మోసగాడు. అతని మాటలు పెళ్ళిళ్ళలోనూ పేకాటల్లోనూ అప్పజెపుతాం. అతను డబ్బు తినేసిన ఆవిడను మాత్రం పూటకూళ్ళమ్మ అని తప్ప మరో పేరుతో ఎరగం. పొద్దున్నే లేచి పదిమందికి వండిపెట్టి ఆ డబ్బు ఎలా కూడబెట్టిందో అడగాలని మనకు తోచదు. గురజాడ గిరీశాన్ని అంత బాగా రాసింది అతన్ని ఇష్టపడమని కాదు, ఇష్టపడుతున్న మనల్ని చూసుకోమని. మనం మొదటి పని చేసి రెండోది మరిచిపోయాం.

మా వీధిలో పూలు కట్టి అమ్మే ఒక పెద్దామె ఉండేది. వీధంతా ఆమెను చిన్నమ్మా అనే పిలిచేది. నెల నెలా చీటీ కట్టేది. చీటీ అంటే రిజిస్టరైన కంపెనీ కాదు, రసీదు లేదు, నోటి మాట మీద నడిచేది. పాట పాడకుండా చివరిదాకా ఉంటే మనవరాలి పెళ్ళికి ఆసరా అవుతుందని ఆమె లెక్క. చీటీ ముగిసే ముందు ఆసామి కుటుంబంతో సహా కనబడకుండా పోయినాడు. ఆ వారమంతా వీధిలో ఒకటే మాట. ఎవరు ఎదురైనా 'ఏం చిన్నమ్మా, నీకూ పెట్టినాడా నామం?' ఆమె కూడా నవ్వేది. పోలీసు స్టేషనుకు పోదాం రమ్మంటే రాలేదు. 'ఎవురికని చెప్పుకునేది నాయనా? చెప్పినోళ్ళంతా నవ్వతా ఉండారు. ఇంగ స్టేషన్లో గూడా నవ్వించుకోవల్లనా?' అంది. కొన్నాళ్ళకు తెలిసింది, కొడుక్కి కూడా చెప్పుకోలేదని. డబ్బు పోయిన బాధ కన్నా తెలివి తక్కువదన్న పేరు వస్తుందన్న భయమే ఆమెను ఎక్కువ నలిపింది.

ఆమెతో సరదాగా మాట్లాడినవాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. అందరూ ఆమె దగ్గర పూలు కొనేవాళ్ళే, ఆమె బాగు కోరేవాళ్ళే. అయినా ఆ సరదా చేసిన పని ఏమిటో ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1952లో ఎర్వింగ్ గాఫ్మన్ అనే సమాజశాస్త్రవేత్త మోసగాళ్ళ ముఠాల పద్ధతి గురించి ఒక వ్యాసం రాశాడు. డబ్బు కాజేసి ముఠా అంతా జారుకున్నాక ఒకడు మాత్రం వెనక ఉండిపోతాడట. వాడి పని మోసపోయినవాడి భుజం తట్టి, ఇలాంటివి జరుగుతుంటాయిలే అని చల్లబరచి, పోలీసుల దగ్గరికి పోకుండా ఇంటికి పంపడం. అక్కడ ముఠా ఆ పనికి ఒక మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మోసగాడికి ఆ ఖర్చు కూడా లేదు. వాడు పోగానే వీధి వీధంతా ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. 'గోవిందా అనుకో చిన్నమ్మా' అని మనం అన్నామంటే, ఆ ముఠావాడు చెప్పే మాటే మనమూ చెప్పినట్టు.

హాస్యమే వద్దంటున్నానా? లేదు. తన సొమ్ము తానే పోగొట్టుకున్నవాడు 'నాకు బాగానే తీర్చినాడప్పా నామం' అన్నప్పుడు ఆ నవ్వు అతనిది. దానితో అతను కాస్త తల ఎత్తుకుంటాడు, రాత్రికి అన్నం తినగలుగుతాడు. అదే మాట ఎదుటివాడు అంటే ఉన్న కాస్త తలా దించుకోవాల్సి వస్తుంది. మాట ఒకటే అయినా ఎవరి నోట్లోంచి వచ్చిందన్నది ముఖ్యం.

మోసపోయిన సంగతి బయటికి చెప్పకపోవడం సొంత వ్యవహారం అనుకుంటాం. మర్యాద పోతుందని మూసుకున్న నోరు ఎంత దూరం పోతుందో చూపడానికి మా కోటను ఏలిన రాజు కథే ఒకటి ఉంది. పెనుకొండ నుంచి విజయనగర రాజధానిని చంద్రగిరికి తెచ్చుకున్న రెండో వేంకటపతి రాయలకు సంతానం లేదు. జగ్గరాయలనే సామంతుడి ఇంటి ఆడపడుచైన రాణి ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెప్పించి తన కడుపున పుట్టినవాడని చెప్పిందనీ, రాజుకు నిజం తెలిసినా రాణి మీది ప్రేమతో తెలియనట్టే ఉండిపోయాడనీ పోర్చుగీసు మతబోధకుడు బర్రాదాస్ 1616లో రాసిన లేఖలో ఉంది. 1614లో రాజు పోతూ పోతూ అన్న కొడుకు శ్రీరంగరాయలకు రాజ్యం అప్పజెప్పాడు. అన్నాళ్ళూ నిజం చెప్పని ఫలితం అప్పుడు బయటపడింది. ఆ పిల్లవాణ్ణే రాజును చేయాలని జగ్గరాయలు తిరగబడ్డాడు. వేలూరు కోటలో శ్రీరంగరాయల కుటుంబం హతమైంది. ఒక చాకలి బట్టల మూటలో దాచి బయటికి చేర్చిన ఒక్క కొడుకు మిగిలాడు, రామదేవరాయలు. అతని తరఫున యాచమ నాయకుడనే సేనాని నిలబడ్డాడు. నాయక రాజ్యాలన్నీ రెండు పక్షాలై తోపూరు దగ్గర కొట్టుకున్నాయి. సామ్రాజ్యం మళ్ళీ కోలుకోలేదు.

బర్రాదాస్ రాసిందంతా అక్షరాలా నిజమేనా అని చరిత్రకారులు తర్కించుకోనీ. వేంకటపతి రాయల రాగి విగ్రహం ఇప్పటికీ తిరుమల గుడిలో చేతులు జోడించి నిలబడి ఉంది; క్యూలో పోయేవాళ్ళు పక్కనే నడిచిపోతారు. తనను ఏమార్చారని తెలిసి, ఇంటి పరువు కోసం, ప్రేమ కోసం నోరు విప్పకపోతే ఆ బాకీ తాను కాకుండా తర్వాతివాళ్ళు తీర్చాల్సి వస్తుందన్నది ఆ కథలో నాకు కనిపించే సంగతి. రాజు ఇంటికి వర్తించేది పూలమ్మే చిన్నమ్మ ఇంటికీ వర్తిస్తుంది. మా వీధిలో మాయమైన ఆసామి ఇంకో ఊళ్ళో ఇంకో పేరుతో చీటీ మొదలుపెట్టడానికి అడ్డమేముంది? వాడి మీద ఒక్క కాగితమూ లేదు.

నామం, గుండు లాంటి మాటల్లో కనీసం ఏదో జరిగిందన్న ఒప్పుకోలు ఉంది. అసలేమీ జరగనట్టు వినిపించే మాటలు ఇంకా ప్రమాదం. పండ్ల మండీలో టన్నుకు ఇంత అని కోసేదాన్ని 'తరుగు' అంటారు, కాయ దానంతట అది ఎండి తగ్గినట్టు. చీనీకాయల మార్కెట్లో దాని పేరు 'సూట్'. మదనపల్లె టమోటా మండీల్లో రైతు కొన్ని పెట్టెలు ఊరికే వదులుకోవాలి, దాని పేరు 'జాక్‌పాట్'. ఎవరికి తగిలిన జాక్‌పాటో చెప్పక్కర్లేదు. ఆఫీసులో బల్ల కింద ఇచ్చేది 'మామూలు'. మామూలు అంటే ఎప్పుడూ ఉండేదే, అడగాల్సిన పని లేనిదే. ఈ పేర్లు పెట్టింది తీసుకునేవాళ్ళు. పలికేది మాత్రం ఇచ్చుకునేవాళ్ళు. రైతు తన నష్టాన్ని వ్యాపారి భాషలో చెప్పుకుంటున్నంత కాలం అది నష్టంగా ఎవరికీ వినబడదు.

చేసినవాణ్ణి వేలెత్తి చూపే మాటలు మన బజారులో లేవా అంటే రెండు గట్టివి ఉన్నాయి, రెండూ కోర్టు మెట్లు దిగి వచ్చినవే. ఒకటి 'ఐపీ పెట్టినాడు'. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్నది ఎవరికీ గుర్తు లేదు, దాని వెనక 1920 నాటి దివాలా చట్టం ఉందనీ తెలియదు. అయినా ఐపీ అనగానే అప్పులిచ్చినవాళ్ళ పరిస్థితి కళ్ళ ముందుకొస్తుంది, పెట్టినవాడు ఎవరో కూడా తెలుస్తుంది. రెండోది 'ఫోర్‌ట్వంటీ'. 1860 నాటి శిక్షాస్మృతిలో మోసానికి వేసిన సెక్షను నంబరు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి ఆ నేరం 318వ సెక్షనులోకి పోయింది గాని, నాలుక మీద ఆ నంబరు చెరగదు. 'వాడొక ఫోర్‌ట్వంటీ గాడు' అన్నప్పుడు ఎవరూ ముచ్చటపడరు, జాగ్రత్తపడతారు. చట్టం నేర్పిన మాటలో నేరం వాడిదైంది, మనం కల్పించుకున్న మాటల్లో తెలివితక్కువతనం మనదైంది. ఈ తేడా గమనించాలి.

మోసపోయేది తెలివితక్కువవాళ్ళేనన్న నమ్మకం నిలబడదని చెప్పడానికి అగ్రిగోల్డ్ ఒక్కటి చాలు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థలో అనేక రాష్ట్రాల్లో కలిపి దాదాపు 32 లక్షల మంది డబ్బు పెట్టారు. అందులో పంతుళ్ళున్నారు, రైతులున్నారు, కూలీలున్నారు, తమ బంధువుల చేతనే డబ్బు కట్టించి తామూ మునిగిన ఏజెంట్లున్నారు. 32 లక్షల మంది ఒక్కసారే ఎర్రిబాగులవాళ్ళు అవుతారా? వాళ్ళు చేసిందల్లా తెలిసిన మనిషి మాట నమ్మడం. తర్వాత వాళ్ళు సంఘంగా కూడి రోడ్డెక్కారు, హైకోర్టుకు పోయారు. మాకు జరిగింది ఇదీ, చేసింది వీళ్ళూ అని పేర్లు పెట్టి చెప్పారు. పదివేల లోపు కట్టినవాళ్ళకు 2019లో, ఇరవైవేల లోపు కట్టినవాళ్ళకు 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. పూర్తి న్యాయం జరగలేదు. జరిగిన కొంచెమైనా గోవిందా అనుకుని ఇంట్లో కూర్చున్నందువల్ల జరగలేదు.

నమ్మకం ఊరి చెరువులాంటిది. కట్ట తెగ్గొట్టినవాడు ఒకడే, ఎండేది ఆయకట్టు మొత్తం. మా వీధిలో ఆ చీటీ మునిగాక ఇంకో చీటీ లేవలేదు. అవసరానికి పది మంది డబ్బు ఒకరికి అందే దారి మూసుకుపోయి, జనం రోజువడ్డీ వాళ్ళ దగ్గరికీ వారం వారం తలుపు కొట్టే అప్పుల దగ్గరికీ పోయారు. ఆ చీటీలో ఒక్క రూపాయి కూడా కట్టని ఇళ్ళు కూడా ఆ నష్టంలో వాటాదారులే. కాబట్టి మోసపోయినవాణ్ణి ఎగతాళి చేసే హక్కు ఆ వీధిలో ఎవరికీ లేదు. నష్టపోయింది అందరం, ముందుగా తెలిసింది ఆమెకు.

ఎవరినీ నమ్మొద్దని పిల్లలకు చెప్పడం దీనికి విరుగుడు కాదు. ఎవరినీ నమ్మని ఊళ్ళో పాలు అరువు పుట్టదు, పిల్లను ఇచ్చేవాడు పుట్టడు, పక్కింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చి కొండకు పోవడానికీ ఉండదు. తల వంచడం మానవసహజం. వంచిన తల మీద చెయ్యి వేసినవాడు దీవించాడా, దోచాడా అన్నది వాడు చెప్పాల్సిన జవాబు. ఆ జవాబు తల వంచినవాణ్ణి అడగడం అన్యాయం.

ఇప్పుడు మోసం ఫోనులోకి వచ్చింది. పోలీసు టోపీ పెట్టుకున్నవాడు వీడియో కాల్‌లో కనిపించి 'డిజిటల్ అరెస్టు' అంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. బెదిరిపోయి డబ్బు పంపినవాళ్ళలో రిటైరైన అధికారులున్నారు, డాక్టర్లున్నారు. వాళ్ళకు డబ్బు దక్కే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే ఆ సొమ్ము ఇంకో ఖాతాకు మారకముందే ఆపే వీలుంటుంది. సరిగ్గా ఆ గంటల్లోనే మనిషి 'ఇంట్లో తెలిస్తే ఏమంటారో' అని కూర్చుంటాడు. సిగ్గుపడుతూ కూర్చున్న ప్రతి నిమిషమూ మోసగాడికి లాభమే.

కాబట్టి చదివేవాళ్ళకు ఒక్కటే మనవి. మీ అమ్మో, నాయనో, పక్కింటి చిన్నమ్మో, చదువుకున్న మీ కొడుకో వచ్చి 'నేను మోసపోయినాను' అంటే, 'నీకు బుద్ధి ఏమైంది?' అని అడగకండి. 'ఎవడు వాడు? ఎప్పుడు జరిగింది?' అని అడగండి. కాగితం తీసి పేరు, ఊరు, నంబరు రాసుకోండి. ఆ మనిషిని వెంటబెట్టుకుని స్టేషనుకు పోండి. జోకులు తర్వాత వేసుకోవచ్చు, అవి కూడా డబ్బు పోయినవాళ్ళు మొదలుపెడితేనే.